సుక్రమ్మక్క లేని రోజు బడి పొయ్యి

నిన్న పొద్దున్న స్కూలుకి వెళ్తూ బస్సులో ఉండగా ఫోన్ వచ్చింది.

"టీచరమ్మా, సుక్రమ్మ పోయింది."

"ఎక్కడికి పోయింది?" అన్నాను. నిజంగా అలాగే అన్నాను. అవతల ఏడుపు వినిపించాక గానీ నా బుర్రకి ఎక్కలేదు.

తెలియని ఫ్రెండ్స్ కోసం చెబుతున్నాను. సుక్రమ్మక్క అరకు పైన కొండ మీద నేను ఇదివరకు పనిచేసిన బడిలో పిల్లలకి మధ్యాహ్న భోజనం వండే మనిషి. ఫోన్ చేసిన పోలమ్మ ఆమెకి తోడుగా వండేది. ఆ బడిలో ఉన్నన్నాళ్ళూ నా కడుపు కూడా వీళ్ళిద్దరి చేతి వంటతోనే నిండింది.

మొన్న మధ్యాహ్నం కూడా వండిపెట్టి, గిన్నెలు తోమి ఇంటికెళ్ళిందట. తెల్లారేసరికి లేదు. గుండె అన్నారు.

లీవ్ పెట్టేసి జీపెక్కాను. దారంతా ఏడుపే. దాంతోపాటు ఇంకో బెంగ.

ఆ ఊళ్ళో ఎవరైనా పోతే శవం లేచేదాకా ఏ పొయ్యీ వెలిగించరు. ఆమె కూతురు దూరం నుంచి రావాలి, సాయంత్రం అయిపోతుంది. మరి బడి పిల్లల మాటేంటి?

ఒక్క పూటే కదా అనుకోకండి. కాఫీ పళ్ళు కోసే రోజులివి. పై గూడేల్లో అమ్మానాన్నలు చీకటితోనే తోటలకి వెళ్ళిపోతారు. పిల్లలు మొహం కడుక్కుని ఖాళీ కడుపుతో కొండ దిగి బడికొస్తారు. పొద్దున్న జావో చిక్కీయో, మధ్యాహ్నం అన్నం, కూర, గుడ్డు. "బడుంది కదమ్మా, మరి మాకేటి బెంగ" అని ఒక తల్లి నాతో అంది. ఆ ధైర్యంతోనే వాళ్ళు పనికి వెళ్తారు.

జావ అంటే గుర్తొచ్చింది. ఇది రాస్తూ నవ్వొస్తోంది, ఏం చేయను.

జావ పథకం కొత్తగా వచ్చినప్పుడు మా హెడ్మాస్టరు గారు "సోమవారం నుంచి రాగి జావ కాచాలి" అన్నారు. ఆయనది గుంటూరు వైపు. అక్క తలూపి వెళ్ళిపోయింది.

సోమవారం చూద్దుము కదా, నెత్తి మీద ఇంత రాగి బిందె! ఊరంతా తిరిగి ఎవరో ముసలామె పెళ్ళినాటిది అడిగి తెచ్చింది. చింతపండేసి తోమిందేమో, తళతళలాడిపోతోంది.

"రాగి జావన్నారు కద బాబూ. రాగి బిందెలో కాస్తే గుంటలకి బలమొస్తాది కాబోలు అనుకున్నాను." గుంటలంటే వాళ్ళ మాటలో పిల్లలు.

పిండి సంచి విప్పి చూపించాం. వేలితో అద్దుకుని నాలిక మీద వేసుకుంది.

"ఓలమ్మ! ఇది సోడి కదేటి! సోడంబలి తాగే కద పెరిగినాం. దీనికి రాగని పేరెట్టి పంపినారేటి?"

హెడ్మాస్టరు గారు నవ్వలేక కుర్చీలో కూలబడ్డారు. ఆ రోజు నుంచి మా బడిలో అది సోడి జావే.

నవ్వించే మనిషే గానీ నోరు మాత్రం మామూలుది కాదు.

ఒక వానాకాలం ఊరి పెద్ద సోమన్న తాత తమ్ముడు చనిపోయాడు. బడి పొయ్యి కూడా ముట్టించొద్దని తాత కబురు పెట్టాడు. పిల్లలేమో ప్లేట్లు పట్టుకుని కూర్చున్నారు. అక్క తాత ఇంటికే వెళ్ళి నిలబడింది.

"సచ్చినోడికి ఆకలుండదు తాతా. గుంటలకుంటాది. బడి పొయ్యి ఊరి పొయ్యి కాదు. పాపమొస్తే నాకే రానీ."

వచ్చి అగ్గిపుల్ల గీసింది.

అప్పటి నుంచి తాత ఆమెతో మాట మానేశాడు. ఎదురుపడితే మొహం తిప్పుకునేవాడు. తమ్ముడు పోయిన దుఃఖంలో ఉన్నవాడు, ఆయన్నీ తప్పు పట్టలేం. అక్క పైకి "మాటాడకపోతే మానె" అనేది. నాతో మాత్రం "మనసు పీకుతాది టీచరమ్మా, నాకు తండ్రిలాంటోడు" అనేది.

ఇదంతా తలుచుకుంటూ నిన్న కొండ ఎక్కాను.

ఆమెని ఇంటి ముందు పడుకోబెట్టారు. కాళ్ళకి దండం పెట్టుకుని బడికి వెళ్ళాను. పై గూడేల పిల్లలకి సంగతి తెలీదు, ఎప్పటిలాగే వచ్చేశారు. వరండాలో కూర్చున్నారు. పోలమ్మ వంటపాక గుమ్మంలో కూలబడి ఏడుస్తోంది.

"నానెలా ముట్టించీది టీచరమ్మా? నాకు దాని నోరు లేదు."

నాకూ లేదు. బయటి ఊరిదాన్ని, ఏమని చెప్పను?

అంతలో సోమన్న తాత కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. ఇంకేముంది, గొడవే అనుకున్నాను.

తాత ఎవరివైపూ చూడలేదు. వంగి పాకలోకి వెళ్ళి, పుల్లలు పేర్చి, తనే అంటించాడు. పొగకో దేనికో కళ్ళు తుడుచుకున్నాడు.

"నాను ముట్టించినాను. ఎవుడేటన్నా నన్ననమను. నువ్వు బేగి ఒండు."

పోలమ్మ ఎసరు పెట్టింది. నేను గుడ్లు ఒలిచాను.

అన్నం దిగాక పోలమ్మ మొదటి ముద్ద తీసి ఆకులో పెట్టబోయింది. పోయినవాళ్ళకి ముందు పెట్టాలి కదా.

తాత చెయ్యి అడ్డుపెట్టాడు.

"ముందు గుంటలకెట్టండి. అది ఏనాడు ముందు తిన్నాది?"

అంతే. ఇక ముగ్గురిలో ఎవరం ఆపుకోలేకపోయాం.

అక్కా, పిల్లలందరూ తిన్నారు. మారు వడ్డించుకుని మరీ తిన్నారు. ఇంక నువ్వు కూర్చుని, నిదానంగా తిని, హాయిగా నడుం వాల్చు.