ప్రమీల మేడం వేసిన తాళం

నిన్న సాయంత్రం తార్నాక చౌరస్తా దాటుతుంటే ఎవరో రోడ్డు పక్కన చెత్తతో పాటు పాత టైరు తగలబెడుతున్నారు. ఆ వాసనకు దగ్గుతో పాటు ఏడుపూ వచ్చింది. తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఈ వీధులన్నీ ఇదే వాసన. చాలామందికి దానితో నినాదాలు గుర్తొస్తాయి, గెలుపు గుర్తొస్తుంది. నాకు ప్రమీల మేడం గుర్తొస్తారు, ఆమె వెనకే సాయిలు.

మేడంది గుంటూరు. బడిలో టీచరుగా చేస్తూ మానేసి, యూనివర్సిటీ గోడకు దగ్గరగా ఒక ఇంటి కింది వాటా అద్దెకు తీసుకున్నారు. బుద్ధి ఎదుగుదల తక్కువైన నలుగురు మగవాళ్లు అందులో ఉండేవాళ్లు. ఆశ్రమం కాదు, హాస్టలూ కాదు, మామూలు ఇల్లు. కూరలు వాళ్లే తరగాలి, బట్టలు వాళ్లే ఆరేయాలి, ఆదివారం ఆ నలుగురి కుటుంబాలూ వచ్చి వీళ్లు వండింది తినిపోవాలి. సోషల్ వర్క్ చదివి నేను అక్కడ పనికి చేరాను. మొదటి రోజే గేటు తాళం ఎక్కడుందని అడిగితే, "మనింట్లో తాళం లేదమ్మా" అన్నారు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటుంది లోకం. ఆమెది తిరగేసిన సామెత. "వీళ్లు ముందు రచ్చ గెలవాలి సుజాతా. వీధి మనిషన్నాకే ఇల్లు మనిషంటుంది" అనేవారు. ఆ మొండితనానికి నాకు చాలాసార్లు ఒళ్లు మండేది.

సాయిలు ముప్పై దాటిన మనిషి. అన్న మల్లేశం లాలాపేట్‌లో వెల్డింగ్ పని చేసేవాడు, వదిన బట్టల షాపులో. ఇద్దరూ పనికి పోయేటప్పుడు సాయిలును ఒంటిగదిలో ఉంచి బయట తాళం వేసేవాళ్లు. వాళ్లేం దుర్మార్గులు కాదు, చూసేవాళ్లు లేరు, అంతే. మా దగ్గరికొచ్చిన కొత్తలో సాయిలు తలుపు తీసున్నా గడప దాటేవాడు కాదు. మేడం అతన్ని చెయ్యి పట్టుకుని పాల బూత్‌కు నడిపించారు. తర్వాత పక్కన నడిచారు, తర్వాత నాలుగడుగులు వెనక. ఒకరోజు సంచి చేతికిచ్చి ఒంటరిగా పంపి, వంటింట్లో కడిగిన గ్లాసునే మళ్లీ మళ్లీ కడుగుతూ నిలబడ్డారు.

"వెళ్లి చూసి రానా మేడం?" అన్నాను.

"కూర్చో. మనం వెనకున్నంతసేపూ వాడు వెళ్లినట్టు కాదు."

సాయిలు పాలతో వచ్చాడు. మేడం టీ పెట్టమన్నారు. ఆ తర్వాత అతను సాయంత్రాలు క్యాంపస్‌కు కూడా పోవడం మొదలుపెట్టాడు. విద్యార్థులు సాయన్న అని పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేవాళ్లు. మాట సరిగా తిరగని మనిషి, "జై తెలంగాణ" మాత్రం గట్టిగా, స్పష్టంగా అనేవాడు. మల్లేశం అది విని పొంగిపోయాడు. "మా తమ్మున్ని గింతమంది గుర్తువడతరని నేను కలల గూడ అనుకోలే మేడం" అన్నాడు.

తర్వాత ఒకరోజు క్యాంపస్‌లో పోలీసులు బాష్పవాయువు గోళాలు పేల్చారు. అందరూ పరుగెత్తారు. ఎందుకు పరుగెత్తాలో సాయిలుకు తెలియలేదు. లాఠీ దెబ్బకు చెయ్యి విరిగింది. విద్యార్థులే కట్టు కట్టించి ఆటోలో తెచ్చి దింపారు.

మర్నాడు పొద్దున చేతికి కట్టుతోనే పాల సంచి పట్టుకుని గేటు దగ్గరికి వెళ్లాడు. గేటుకు కొత్త తాళం వేలాడుతోంది. మేడం స్వయంగా కొనుక్కొచ్చి వేసిన తాళం.

"పాలు, మేడం" అన్నాడు.

"బయట గ్యాసుంది నాయనా. కళ్లు మండుతాయి. కొన్నాళ్లు లోపలే ఉండాలి."

అతను గేటు ఊపాడు. నేను వెంట వెళ్తానంటే మేడం వద్దన్నారు. అంత భయం ఆమె ముఖంలో ఎప్పుడూ చూడలేదు. ఉద్యమాన్ని నేను తప్పుపట్టను, మా తమ్ముడూ ఆ ఊరేగింపుల్లోనే ఉన్నాడు. మేడంనూ తప్పుపట్టలేను. కానీ కొన్నాళ్లు అనుకున్నది నెలలైంది. బంద్ అయిపోతే ర్యాలీ, ర్యాలీ అయిపోతే మళ్లీ బంద్. సాయిలు గేటు ఊపడం మానేశాడు. తర్వాత గేటు వైపు చూడటం మానేశాడు.

ఒక ఆదివారం మల్లేశం వచ్చి తాళం చేత్తో పట్టుకుని చూశాడు. "మీరు ఆంధ్రోళ్లని నేనెన్నడన్న అన్ననా మేడం? తాళముండదంటేనే నమ్మి తోలిన. తాళమే ఏసేదుంటే మా ఇంట్ల గూడ ఉన్నది. తీస్కపోత." మేడం తాళం తీశారు. మిగతా ముగ్గురినీ ఇంటివాళ్లు ఒక్కొక్కరుగా తీసుకుపోయారు. ఇల్లు ఖాళీ చేశాం.

గొడవలు సద్దుమణిగాక మేడం, నేను లాలాపేట్ వెళ్లాం. మల్లేశం కోపం మరిచిపోయాడు. పనికి పోతూ తాళంచెవి మేడం చేతిలో పెట్టి, "జర తిప్పుకరాన్రి మేడం, వానికి గూడ మంచిగుంటది" అన్నాడు. తలుపు తీశాం. చాప మీద కూర్చున్న సాయిలు మేడంను చూసి నవ్వాడు. ఆమె సంచి చూపించి, "పాలకెళ్దామా?" అన్నారు. అతను గడప దాకా వచ్చి, వీధిలోకి తొంగిచూసి, వెనక్కి తగ్గాడు.

"గ్యాసున్నది మేడం. కండ్లు మండుతయి. మీరు గూడ లోపలికి రాన్రి."

ఆమె లోపలికి వెళ్లారు. సాయిలు జాగ్రత్తగా తలుపు వేశాడు. నేను బయట మెట్టు మీద కూర్చున్నాను. తర్వాత ఎన్నిసార్లు పోయినా అంతే. మేడం చనిపోయేదాకా ఆ గదిలో అతని పక్కన కూర్చుని వచ్చేవారు, అతన్ని మాత్రం బయటికి తేలేకపోయారు.

ఇప్పుడు నేను వారాసిగూడ, సీతాఫల్‌మండి ఇళ్లల్లో తిరుగుతుంటాను. పనికి పోయే తల్లులు సాయిలు లాంటి పిల్లల్ని లోపల పెట్టి తాళం వేస్తుంటారు. వద్దమ్మా అంటాను. "మరెవరు చూస్తరక్కా?" అంటారు. దానికి ప్రమీల మేడం దగ్గర కొన్నాళ్లు జవాబుండేది, అదీ పోయింది. అయినా తర్వాతి ఇంటికి పోయి మళ్లీ వద్దమ్మా అనే అంటాను.