మా మేనత్త వేసిన దావా

నా చిన్నప్పుడు మా జిల్లాలో మద్యనిషేధం ఉండేది. నాటుసారా కోసం పోలీసులు దారి కాసి సోదాలు చేసేవారు. ఊడ్పుల కాలంలో ఒక ఉదయం మా మేనత్త పొలంలో కూలీలకు తరవాణి కుండ మోసుకెళుతోంది. వెనకాలే నేను. అన్నంలో గంజి పోసి పులియబెట్టే తరవాణి మా వైపు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. కానీ కొత్తగా వచ్చిన ఎస్సైకి ఆ పులుపు వాసన సారా ఊటలా తోచింది. కుండ దింపించాడు. ఒంటి మీద సీసాలు దాచిందేమోనని నడిదారిలో, మగవాళ్ల ఎదుట, ఆమె చేత చీర విప్పించాడు. ఏమీ దొరకలేదు. కానిస్టేబుళ్లు నవ్వారు. నేను ఏడుస్తూ అత్తకు అడ్డంగా నిలబడ్డాను గాని, నా ఎత్తు చాలలేదు.

అత్త దావా వేస్తానంటే ఇంట్లో అందరూ వద్దన్నారు.

“కోర్టుకెళ్తే ఊరూరా సెప్పుకుంతారే. పరువు పోతాది,” అన్నాడు మావయ్య.

“పోయింది నాది కాదు, ఆడిది. ఆ సంగతి ఆడికింకా తెలీలేదు. జడ్జీగారు సెప్తారు,” అంది అత్త.

శ్రీకాకుళం కోర్టులో విచారణ జరిగింది. కుండలో ఉన్నది తరవాణే అని రుజువైతే చాలునని మా వకీలు గారి ధీమా. బోనెక్కిన అత్తకు అది చాలలేదు.

“తరవాణే బాబూ. పోనీ, సారాయే అనుకోండి. కుండ పట్టుకెళ్లి కేసు రాసుకోవాల. నా సీర ఎందుకిప్పించాల? ఓ ఆడమనిషిని పిలిచి, సాటుకి తీసుకెళ్లి సూడకూడదేటి?”



తీర్పులో జడ్జిగారు అదే మాట నిలబెట్టారు. కుండలో ఏమున్నా సరే, ఒక మనిషిని అలా అవమానించే అధికారం ఎవరికీ లేదన్నారు. ఆమెకు నష్టపరిహారం చెల్లించమన్నారు. బస్సు దిగేసరికి ఊళ్లో ఆడవాళ్లంతా వచ్చి ఉన్నారు. తప్పెట్ల మోత మధ్య అత్త తలెత్తుకుని నడిచింది.

“ఒసే, ఇకమీదట నీతో మాటాడాలన్నా వకీలుని పెట్టుకోవాల!” అన్నాడు మావయ్య, అందరికంటే గట్టిగా నవ్వుతూ.

పెద్ద చదువులేమీ లేకుండానే, అత్త బోనులో అన్న ఆ మాటల్లోంచి నేను లెక్కలు నేర్చుకున్నాను. ఇప్పుడు ఊళ్లో నలుగురూ తగవులకూ పంపకాలకూ నన్నే పిలుస్తారు. మనిషి చేసిన తప్పు ఒక లెక్క, ఆ మనిషి పట్ల మనం నడుచుకునే తీరు మరో లెక్క. ఆ రెంటినీ నేను ఇంతవరకూ ఎన్నడూ కలిపి కూడలేదు.