అవ్వ పీకిన గూటాలు

హైటెక్ సిటీ పేరు వినబడగానే మా చేవెళ్ల, మొయినాబాద్ భూములకు రెక్కలొచ్చిన రోజులవి. పొలంలో ఎవడు టేపు పట్టుకుని కనబడినా ఊరంతా వాణ్ణి అనుమానంగా చూసేది. ఆ లోకజ్ఞానం నాకెక్కడిది! చేవెళ్లలో డిగ్రీ ఆఖరి ఏడు చదువుతూ, సైన్యంలో ఆఫీసర్లం కావాలని తొమ్మిదిమందిమి కలిసి మాకు మేమే ఒక శిక్షణ దళం పెట్టుకున్నాం. (నేర్పేవాడు లేడు, నేర్చుకునేవాళ్లే నేర్పేవాళ్లు.) నేను కెప్టెన్‌ని. ఎవరూ ఎన్నుకోలేదు, విజిల్ కొన్నది నేను కాబట్టి.

తొమ్మిదిమందిలో నా ఒక్కడికే సెలెక్షన్‌కు పిలుపు వచ్చింది. నెల గడువు. దూకుడు, పాకుడు ప్రాక్టీసు లేకపోతే గోవిందా! చిన్న మంగళారంలో నేనుండే మా అవ్వ, అంటే నాయనమ్మ, ఇంటికి దగ్గరలోనే ఆమె రెండెకరాల బీడు ఉంది. బీడే కదా, అడిగేదేముందని కొలిచి, సున్నంతో గీతలు గీసి, ఎర్రగుడ్డలు కట్టిన కర్ర గూటాలు పాతాం. మర్నాటికి ఒక్క గూటం లేదు. మళ్లీ పాతాం. మళ్లీ మాయం. దొంగ మాలోనే ఉన్నాడని తేల్చేశాను. పిలుపు రాలేదని అందరికన్నా ఎక్కువ ఏడ్చింది ఆలూరు బక్కోడు, ఆ కడుపుమంటేనని నా గట్టి నమ్మకం. వాణ్ణి ఎండలో నిలబెట్టి విచారించాను. "అమ్మతోడురా, నాకు కట్టెలెందుకు? మా ఇంట్ల గ్యాసున్నది" అని వాడు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అడగకుండానే గ్యాసు సంగతి ఎందుకు చెప్పాడని నోటుబుక్కులో రాసుకున్నాను కూడా.

మూడోసారి పాతి, మర్నాడు పొద్దు పొడిచే వేళకు తుమ్మపొదల వెనక బోర్లా పడుకున్నాం. ఎవరో వంగి గూటాలు పీకుతున్నారు. విజిల్ ఊది, "హాల్ట్!" అని గర్జించాను. చంకలో మూడు గూటాలతో అవ్వ నిటారుగా లేచింది.

"ఎవడ్రా గది? నువ్వా! నా భూమి ఎవనికి అమ్ముతున్నవ్‌రా?"

"అమ్ముడేందవ్వా! మిలటరీల చేరనీకె దునుకుడు నేర్చుకుంటున్నం."

"నాకు చెప్పకు. పక్క చేన్ల గిట్లనే గీతలు గీసిండ్రు. ఏం లేదవ్వా, ఊకె కొలుస్తున్నం అన్నరు. నెల తిరగకముందే గేటు వెట్టిండ్రు. మీ బాపుకు తెల్వకుంట ఎవనికి మాటిచ్చినవో చెప్పు!"

"ఒట్టు, ఎవనికియ్యలే. మరి ముందటి గూటాలేవి?"

"నీళ్ల పొయ్యిల వెట్టిన. రెండ్రోజుల సంది నీ తానం నీళ్లు ఎట్ల కాగుతున్నయనుకున్నవ్?"

అందరూ పడీపడీ నవ్వారు. బక్కోడు మాత్రం నవ్వకుండా నా చేతిలో నోటుబుక్కు లాక్కుని, గ్యాసు పేజీ చింపి జేబులో పెట్టుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. చివరికి అవ్వ ఒప్పుకుంది, కానీ గీత గీయొద్దు, గూటం పాతొద్దు. "దునుకుండ్రి. నేను చూస్తుంట" అని నెలంతా గట్టు మీద కర్ర పట్టుకుని కూర్చుంది.

సెలెక్షన్లో నేను తప్పాను. రెండేళ్లకు బక్కోడు ఆఫీసరయ్యాడు. నేను హైటెక్ సిటీలో కంప్యూటర్ ముందు తేలాను. అవ్వ పోయింది. బీడు చుట్టూ ఇప్పుడు అన్నీ గేట్లే, గేటు లేనిది ఆ రెండెకరాలకే. మొన్న కంచె వేయిద్దామని మొదటి గూటం నేనే పాతబోయాను. సుత్తె ఎత్తి, ఎందుకో ఒకసారి గట్టు వైపు చూశాను. "అమ్మనీకె కాదవ్వా" అని పైకే అనేశాను.