గాజులకు నాలుగు పేలికలు

తుపాకి కాల్చడానికి పోయే ఆడమనిషి వెంట ఏమేం తీసుకుపోవాలని నన్నెవరూ అడగరు. అడిగితే ఇప్పటికీ గుక్క తిప్పుకోకుండా చెబుతాను. ఇసకలో బోర్లా పడుకోవడానికి గోనెపట్టా, చెవుల్లో పెట్టుకోవడానికి దూది, పైటకూ కుచ్చిళ్లకూ పిన్నీసులు, చెంబుతో మజ్జిగ, అన్నం. అన్నంలోకి రొయ్యపొడి అయితే మేలు. పులుసు తీసుకుపోతే బండి కుదుపులకు బుట్టంతా ఒలికిపోతుంది. ఒకసారి అట్లాగే ఒలికి దూది తడిసింది, ఆ రోజంతా చెవుల్లో చేపలపులుసు పెట్టుకుని తిరిగాను. వీటన్నిటికంటే ముఖ్యమైనవి గాజులకు చుట్టుకునే గుడ్డపేలికలు. మనిషికి రెండు. మేమిద్దరం కాబట్టి నాలుగు.

ఇద్దరమంటే నేనూ, మా తోడికోడలూ. చైనా యుద్ధం జరిగిన మరుసటేడు మా బోగోలు పక్క పల్లెల్లో కూడా దేశభక్తి పొంగిపొర్లింది. మహిళామండలి వాళ్లు ఆడవాళ్లకు రైఫిలు శిక్షణ ఇప్పిస్తామన్నారు. మా మామగారు అందరికంటే ముందు పోయి కోడళ్లిద్దరి పేర్లూ రాయించి వచ్చాడు. మమ్మల్ని ఒక్క మాట అడగలేదు. పటాలంలో పనిచేసి వచ్చిన ముసలి సుబేదారు ఒకాయన మాకు నేర్పేవాడు. సరుగుడు తోపు దాటితే సముద్రం ఒడ్డున పెద్ద ఇసకదిబ్బ ఉంది. దాని ముందు నల్లచుక్కలు దిద్దిన అట్టలు నిలబెట్టి వాటిని కాల్చమనేవాడు. వారానికొక రోజు, పొద్దున బండి కట్టుకుని పోతే తిరిగి వచ్చేసరికి సాయంత్రం.

మొదటిరోజే గాజుల పేచీ వచ్చింది. రైఫిలు బెల్టును ఎడమచేతికి మెలివేసి బిగించాలి. అది సరిగ్గా గాజుల మీద పడి నొక్కుతుంది. గాజులు తీసేసి రండమ్మా అన్నాడు సుబేదారుగారు. ఆ మాట ఇంట్లో చెబితే మా అత్త అన్నం ముందు నుంచి లేచిపోయింది. మొగుడు బతికున్న ఆడది బోడిచేతులతో ఉంటుందా అని ఒకటే అరుపు. అందులోనూ చిన్నకోడలా! ఆమె మొగుడు, అంటే మా మరిది, సైన్యంలో ఉన్నాడు. ఎక్కడో మంచుకొండల్లో సరిహద్దు కాస్తున్నాడు. చివరికి ఉపాయం కూడా అత్తే చెప్పింది. మామగారి పాత పంచె చించి, గాజుల్ని పైకి తోసి వాటి మీద గట్టిగా చుట్టుకోమంది. పెద్దకోడలిగా బుట్ట సర్దే పని నాది. ఆ పేలికల్ని ఉతికి, ఆరేసి, మడిచి పెట్టే పనీ నాదే అయింది.

ఇక చెప్పుకోవడానికి సిగ్గయిన సంగతి. చిన్నకోడలంటే నాకు కడుపుమంట. ఆమె నాకు చేసిన అపకారం ఏమీ లేదు. అక్కా అక్కా అంటూ నా వెనకే తిరిగేది, దానికీ మండేది. మరిది దగ్గర నుంచి పదిహేను రోజులకొక ఉత్తరం వచ్చేది. మామగారు అరుగు మీద కూర్చుని దాన్ని గొంతెత్తి చదివేవాడు. వీధి వీధంతా వచ్చి వినేది. వింటూ అందరూ ఆ పిల్ల వైపే చూసేవాళ్లు, జవాను పెళ్లామని. నా మొగుడు మడికి నీళ్లు కట్టి వచ్చి, మోకాళ్లదాకా బురదతో అదే అరుగు చివర నిలబడి వినేవాడు. అక్కడున్న మా ఇంటిల్లిపాదీ తినేది ఆయన పండించిన మొలగొలుకుల బియ్యమే. అయినా పెరటిచెట్టు మందుకు పనికిరాదు కదా. ఉత్తరంలో మరిది అమ్మనూ నాన్ననూ అన్ననూ, చివరికి దూడను కూడా అడిగేవాడు గానీ, వదిన అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. ఈసారైనా వస్తుందేమోనని ప్రతిసారీ గుమ్మం వెనక నిలబడి ఆఖరిదాకా వినేదాన్ని.

పోనీ తుపాకిలోనైనా ఆమెకంటే పైన ఉందామనుకున్నాను. ఏడ్చినట్టే ఉంది. నాకు గురి కుదరడానికి రెండు నెలలు పట్టింది. ఆమె గుళ్లు రెండోవారానికే నల్లచుక్కలో పడ్డాయి. ఎంతైనా జవాను ఇల్లాలు కదా అన్నాడు సుబేదారుగారు మీసం దువ్వుకుంటూ. గురికీ మొగుడి ఉద్యోగానికీ ఏం సంబంధమో నాకు ఇప్పటికీ తెలియదు. ఇంతలో ఒక పోటీ పెట్టారు. చివరిరోజున ఎక్కువ గుళ్లు తగిలించిన ఆమెను నెల్లూరు తీసుకుపోయి కలెక్టరుగారి ముందు కాల్పిస్తారట. మైకులో పేరు చదువుతారట. మైకులో! ఇక నాకు వేరే ధ్యాస లేదు. ఒక్కసారి, పదిమంది మధ్య, నా పేరు వినబడాలి. అది ఆమె పేరు కాకూడదు.

ఆ పొద్దున బుట్ట సర్దాను. గోనెపట్టాలు, దూది, పిన్నీసులు, అన్నం, రొయ్యపొడి, మజ్జిగ చెంబు. పేలికలు నాలుగూ నా చేతిలోనే ఉన్నాయి. రెండు బుట్టలో వేశాను. మిగతా రెండూ బియ్యం బానలోకి, అడుగుదాకా తోసేశాను. మర్చిపోలేదు, తొందరలో జరగలేదు, తెలిసే చేశాను. పేలిక లేకపోతే బెల్టు సరిగా బిగించుకోలేదు, చెయ్యి కాస్త కదులుతుంది, నాలుగు గుళ్లు తప్పుతాయి, అంతే కదా అనుకున్నాను. గాజు సంగతి నీకు తోచలేదా అంటే, తోచింది. తోచినా బుట్ట మూసేశాను.

దిబ్బ దగ్గర ఆమె బుట్టంతా వెతికింది. నా పేలికలు లేవక్కా అంది. మర్చిపోయినట్టున్నానన్నాను. అప్పటికే నా రెండు చేతులకూ చుట్టుకుని ఉన్నాను. కుడిచేతికి అసలు అవసరమే లేదు, అది విప్పి ఇవ్వొచ్చు. ఇవ్వలేదు, ఆమె అడగలేదు. తన చేతిరుమాలు తీసి కట్టుకుంది. అది పొట్టిది, ముడి నిలవలేదు. అయినా మొదటి మూడు గుళ్లూ నల్లచుక్కలోనే పడ్డాయి. నాకు ఒళ్లు మండిపోయింది. నాలుగోదానికి ఆమె బెల్టు సవరించుకుంటుంటే టక్కుమని చిన్న చప్పుడయింది. నేను పక్కనే పడుకుని ఉన్నాను. చెవుల్లో దూది ఉన్నా నాకు వినబడింది. ఎర్రగాజు చిట్లి ఆమె మణికట్టు మీద నెత్తురు కారుతోంది.

ఆమె రైఫిలు పక్కన పెట్టి లేచి కూర్చుంది. ఏడవలేదు. ఇసకలో పడిన గాజుముక్కల్ని ఒక్కొక్కటే ఏరి కొంగులో వేసుకుంది. ఇంత గీతకేనా తల్లీ, కానివ్వు అన్నాడు సుబేదారుగారు. ఆమె తల అడ్డంగా ఊపింది. ముఖం పాలిపోయింది. పెదవులు కదులుతున్నాయి, ఏ దేవుడికి మొక్కుకుంటోందో. మొగుడు సరిహద్దులో ఉండగా గాజు చిట్లడమంటే ఏమిటో నాకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా నా పది గుళ్లూ కాల్చాను. ఏడు తగిలాయి. నేనే గెలిచాను.

ఇంటికి రాగానే అత్త ఆమె చెయ్యి చూసి ఏమైందని నిలదీసింది. బండి దిగేటప్పుడు చక్రానికి కొట్టుకుందని చెప్పింది ఆమె, నా వైపు చూడకుండా. నిజం చెబితే పేలికలు ఏవని అత్త నన్నే అడుగుతుంది. దొంగకు తేలు కుట్టినట్టు నేను నోరెత్తకుండా వంటింట్లోకి పోయాను.

ఆ తర్వాత ఉత్తరం రాలేదు. పదిహేను రోజులు పోయాయి, ఇరవై పోయాయి, నెల దాటింది. మధ్యలో నెల్లూరు పోయాను, కలెక్టరుగారి ముందు కాల్చాను, మైకులో పేరు కూడా చదివారు. ఇంటిపేరు తప్పు చదివారు, అది ఇంకెవరి పేరో అయింది. వేరే రోజైతే ఆ మైకాయన జుట్టు పట్టుకునేదాన్ని. ఆ రోజు మాత్రం, తపాలా మనిషి ఈపాటికి మా వీధికి వచ్చి ఉంటాడా అని ఆలోచిస్తూ నిలబడ్డాను. ఇంట్లో అత్తకు అన్నం సయించడం లేదు. మామగారు అరుగెక్కడం మానేశాడు. ఆమె మాత్రం కొత్త గాజులు వేసుకున్న చేతులతో రోజూలాగే బియ్యం చెరిగేది, నీళ్లు తోడేది. మరిదికేమైనా అయితే చేసింది నేనే. ఒకరోజు ఎవరూ లేనప్పుడు బానలో చెయ్యి పెట్టి ఒక పేలిక పైకి తీశాను. అందులో పసుపుకొమ్ము పెట్టి ముడివేసి, పోలేరమ్మ గుడి ముందున్న వేపకొమ్మకు కట్టి వచ్చాను. మరిదిని చల్లగా చూడు తల్లీ, శిక్ష ఏదైనా ఉంటే నాకు వెయ్యి అని మొక్కాను.

ఆ వారమే ఉత్తరం వచ్చింది. తపాలా మనిషికి అందరికంటే ముందు ఎదురు పరుగెత్తింది నేనే. మామగారు మళ్లీ అరుగెక్కాడు. వీధి వచ్చింది. నా మొగుడు అరుగు చివర, నేను గుమ్మం వెనక. మంచుకు దారులు మూసుకుపోయి ఉత్తరాలు ఆగిపోయాయట, తాను క్షేమమట. అమ్మనూ నాన్ననూ అన్ననూ దూడనూ అడగడం అయింది. ఇక అయిపోయిందనుకుంటుండగా మామగారు కాగితం తిప్పాడు.

“మీ చిన్నకోడలి ఉత్తరము అందినది. తుపాకి పట్టునప్పుడు గాజులు చిట్లకుండా వదిన తన చేతులతో పేలికలు కట్టి పంపుచున్నదని రాసినది. వదిన ఇంట ఉన్నంతవరకు నాకు దిగులు లేదు. ఆమెకు నా నమస్కారములు ప్రత్యేకముగా చెప్పవలెను.”

మామగారు ఆ ముక్క రెండుసార్లు చదివాడు. అందరూ గుమ్మం వైపు తిరిగి చూశారు. నా మొగుడు కూడా చూశాడు, ఆ బురదకాళ్లతో, గర్వంగా నవ్వుతూ. ఇన్నేళ్లూ నేను ఏడ్చింది ఆ ఒక్క చూపు కోసమే. తీరా వచ్చాక నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

జనం వెళ్లాక వంటింట్లో ఆమె బియ్యం కొలుస్తోంది. ఆ ఉత్తరం ఎప్పుడు రాశావని అడిగాను.

“గాజు చిట్లిన రోజు సాయంత్రమే రాసినా అక్కా. ఆయనకు ఇంటి దిగులు ఉండకూడదు గదా,” అంది. తర్వాత శేరు కింద పెట్టి, నెమ్మదిగా అంది. “బానలో ఒక పేలిక దొరికినాది. రెండోది ఏమైంది?”

పోలేరమ్మ గుడి ముందు వేపకొమ్మకు ఉందన్నాను. ఆమె నా ముఖంలోకి చూసింది. తర్వాత ఆ దొరికిన పేలికను ఉతికి దండెం మీద ఆరేసింది. ఆ సంగతి మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు.

అప్పటికైనా అసూయ పోయిందా అంటారేమో. పోలేదు. అంతకుముందు ఆమెకొచ్చే ఉత్తరాలు చూసి, ఆమె గురి చూసి ఏడ్చేదాన్ని. ఆ రోజు నుంచి ఆమె మనసు చూసి ఏడుస్తున్నాను. ఆమె చోట నేనుంటే ఆ ఉత్తరం అట్లా రాసి ఉండేదాన్ని కాదు.