దిగని పళ్లేలు

భివండి కనేరిలో మా మేనత్త పొద్దున రొట్టెలు చేస్తూనే ఒరిగిపోయిందని కబురొచ్చింది. మట్టి చేసి తిరిగి వచ్చేసరికి ఆమె గదికి కొత్త తాళం వేలాడుతోంది. ఆ తాళం చూశాక నాకు ఏడుపు ఆగిపోయింది.

సాంచలు, అంటే మరమగ్గాలు, నడిపే ఒంటరి మగవాళ్లకు రెండు పూటలా వండిపెట్టే చోటును భివండిలో బిస్సీ అంటాం. మామయ్య పోయాక అత్త తన అద్దె గదిలోనే బిస్సీ పెట్టింది. మొగుడు వదిలేసిన రాజవ్వ ఆమెకు తోడుగా వచ్చింది. ఇద్దరూ కలిసి వండేవారు, అక్కడే పడుకునేవారు. గోడ నిండా మేకులు, మేకుకొకరి పళ్లెం. అందరూ తిన్నా ఒక పళ్లెం మేకుకే ఉండిపోతే అత్త చెప్పులేసుకుని ఆ మనిషిని చూడ్డానికి బయల్దేరేది. “పళ్లెం దిగలేదంటె మనిషికి బాగలేనట్టె” అనేది.

తన తర్వాత గది రాజవ్వ పేరు మీదికి మారాలని అత్త కోరిక. ఇంటి సేఠ్ ఒప్పుకుని రాసిస్తేనే చెల్లుతుందని వకీలు చెప్పాడు. సేఠ్ వచ్చినప్పుడల్లా వేడి రొట్టె తిని, అయిపోతుందిలే మౌసీ, అని వెళ్లేవాడు. నేను రసీదు లేనిదే ఉప్పు కూడా కొనను. రాయించుకో అత్తా అని పోరితే, “మనింట్ల తిన్నోన్ని కాయితం అడుగుతరానే?” అంది. రాజవ్వను చెల్లెలని చెప్పుకుంటే పని సులువని దలాల్ అన్నాడు. “చెల్లె కాదు. నాతోని వండింది. గట్లనె రాయి” అంది అత్త.

ఇప్పుడా గదిని మామయ్య తమ్ముడి కొడుకు పేరు మీద రాసిచ్చాడు సేఠ్. ఒక్క రాత్రి కూడా అక్కడ పడుకోనివాడు. నాగావ్‌లో అతనికి సాంచలున్నాయి. నూలు బస్తాలు పెట్టుకోవడానికి గది కావాలట. నేను సేఠ్ దగ్గరికి వెళ్లి అడిగాను. రాజవ్వ మీ అత్తకు ఏమవుతుందని ఎదురడిగాడు. మీరు తిన్న రొట్టెలు కాల్చింది ఆమే అన్నాను. నవ్వాడు. ఒకే పొయ్యి దగ్గర చేతులు కాల్చుకున్నవాళ్లు ఒకరికొకరు ఏమీ కారా? ఆ నవ్వును నేను క్షమించను.

రాజవ్వ ఆ తాళం ముందే, సందులో పొయ్యి పెట్టింది. పనివాళ్లు కాగితాల్లో రొట్టె పెట్టించుకుని నిలబడి తింటున్నారు. నిన్న కిటికీ సందులోంచి లోపలికి చూశాను. చీకట్లో, గోడ నిండా పళ్లేలు.

ఒక్కటీ దిగలేదు.