కింద చూసే మారెన్న

ఆలూరు చుట్టుపక్కల ఒక పుకారు ఉంది: మారెన్నకు చెట్లంటే పగ అని. ఊరి బీడులో ఒక్క మొక్క నాటనివ్వలేదట, అదంతా తన గొర్రెల మేతకేనట. ఈ మాట వింటే అదే ఊరి ఈరక్క ఊరుకోదు. మారెన్నకున్నది పగ కాదు, ఒకే ఒక్క పిచ్చి. బీడులో ఎవరు కాలు పెట్టినా "కింద చూసి నడువప్పా!" అని అరుస్తాడు.

ఒకసారి పెళ్లివారు అడ్డదారిన బీడులోకి దిగారు. మారెన్న కట్టె అడ్డం పెట్టి, బ్యాండుమేళంతో సహా మైలు చుట్టు తిప్పాడు.

"ముహూర్తం పోతాంది మామా!" అని పెళ్లికొడుకు మొత్తుకున్నాడు.

"పోతే ఇంకోటి పెట్టుకుందురు. నువ్వు కింద చూసి నడువు!"

బీడు నిండా గులకరాళ్లే. కింద చూస్తే ఏముంటుంది? ఈరక్క మూడేళ్లు తల బద్దలు కొట్టుకుంది. లంకెబిందెలేమోనని ఒక మధ్యాహ్నం గడ్డపారతో పోయి, మారెన్న కేక విని, గడ్డపార వదిలేసి ఇంటికొచ్చిపడింది.

2005 వానలకు ముందు కర్నూలు నుంచి రాఘవేంద్రప్రసాద్ అనే ఆఫీసరు ఐదువేల మొక్కలతో, గుంతలకు గుర్తులేసే సున్నంతో దిగాడు. ఊరంతా పోగైంది. ఈరక్క అందరికంటే ముందు.

"వట్టి బీడు కదయ్యా! చెట్లు పెరిగితే పక్షులొస్తాయి" అన్నాడు ఆఫీసరు.

"వచ్చేటివి వస్తాయి సారూ. ఉండేటివి యాడికి పోవల్ల?"

"ఇక్కడ రాళ్లు తప్ప ఏమున్నాయి?" అంటూ ఆయన అడుగేశాడు.

"సారూ! కింద చూడు!"

ఆఫీసరు ఒంటికాలి మీద కొంగలా ఆగిపోయాడు. బూటు కింద నాలుగు రాళ్లు. మారెన్న వంగి వేలుపెట్టి చూపిస్తే గానీ అవి తీతువు గుడ్లని తెలియలేదు. తల్లిపిట్ట నెత్తి మీద తిరుగుతూ ఆయన్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిడుతోంది.

"ఈడ చెట్టు పెడితే దాని మింద కాకి కూచుంటాది. పైనుంచి దానికి అన్నీ కనపడతాయి. ఇంగ ఒక్క గుడ్డన్నా మిగుల్తాదా సారూ?"

ఆఫీసరు మెల్లగా కాలు వెనక్కి పెట్టి, సున్నం డబ్బా ఎత్తించేశాడు. మొక్కలు బడి చుట్టూ, రోడ్డు పక్కనా నాటించాడు. సగం గుంతలు తవ్వింది మారెన్నే. ఇప్పుడు ఎవరింటికి చుట్టాలొచ్చినా ముందు బీడు చూపించాకే భోజనం. "మా ఊరి బీడు" అని చెప్పేటప్పుడు ఈరక్క మెడ ఒక జానెడు పొడుగవుతుంది.

గొర్రెల సంగతంటారా? గుడ్ల కాలంలో మారెన్న గొర్రెలే ఆ బీడు తొక్కవు. మూడు మైళ్లు నడిచి మేసొస్తాయి. అది కనిపెట్టిన రోజు ఈరక్క బీడు గట్టున నిలబడి అడిగేసింది.

"ఏమప్పా మారెన్నా, ఇన్నేండ్లు ఊరందరి చేతా తిట్లు తింటివి. నాకన్నా చెప్పుంటే ఏం పోయె?"

"నీకు చెప్తే ఊరికి చెప్పినట్లే. ఒక్క గుడ్డన్నా మిగులునా?"

"అయినా ఆ పిట్టలు నీకేమైతాయప్పా?"

మారెన్న తలపాగా సర్దుకున్నాడు. "చెట్టు మింద గుడ్లు పెట్టేదానికి చెట్టుండాది ఈరక్కా. నేల మింద పెట్టేదానికి నేనుండా. ఇంగ చాలు గానీ, కింద చూసి పో!"