అగ్గిపెట్టెను రానివ్వని గేటులోకి డప్పులు

పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీల్లో ప్రోగ్రాం చేయడానికి వెళ్లే కళాకారుల కోసం ఇది రాస్తున్నాను. చాలా ఏళ్లు ఆర్కెస్ట్రాల్లో ఢోలక్ వాయించాను. గాయని ఎగ్గొట్టిన రోజున మైకు అందుకుని పాడాను. ఇప్పుడు ఒక చిన్న కళాసంస్థకు కార్యక్రమాలు కుదిర్చిపెడుతున్నాను. ఈసారి ఇంద్రేశంలో ఉండే నర్సింలు అనే పెద్దాయన డప్పు బృందానికి, ఇస్నాపూర్ దాటాక ఉన్న ఒక మందుల ఫ్యాక్టరీ వార్షికోత్సవంలో ప్రోగ్రాం కుదిర్చాను. నచ్చితే ప్రతి పండక్కీ వాళ్లనే పిలుస్తామని కంపెనీ వాళ్లన్నారు. ఆయనతో వాయించే ముగ్గురూ తమ్ముడి కొడుకులే. షిఫ్టు పనులు చేసుకుంటూ వాయిస్తారు. ఇది కూడా కుదరకపోతే ఇక డప్పు ముట్టబోమని ముందే తేల్చి చెప్పేశారు.

పొద్దున్నే లింగంపల్లిలో లోకల్ రైలు దిగి పటాన్‌చెరు బస్సెక్కాను. ఆడవాళ్లకు ఆర్టీసీలో టికెట్ లేదు కాబట్టి ఖర్చంతా అక్కడి నుంచి ఇస్నాపూర్‌కు షేర్ ఆటోకే. ఇరవయ్యో ముప్పయ్యో అడుగుతారు, వాన పడితే డ్రైవర్ ఇష్టం. ఆ రోజు ముసురు పట్టింది. హైవే మీద లారీలు చిమ్మే బురదకు అరగంట ప్రయాణం గంటయింది.

"ఏ కంపెనీ అక్కా? డ్యూటీల చేరుతున్నవా?" అని అడిగాడు ఆటో డ్రైవర్.

"లేదు తమ్ముడూ, డప్పు ప్రోగ్రాం ఉంది."

"కంపెనీల డప్పేంది? ఎవలన్న సచ్చిపోయిండ్రా?"

ఆటోలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

గేటు ఎదుట టీకొట్టు ముందు వానకు కట్టిన తాటిపత్రి కింద నలుగురూ నిలబడి ఉన్నారు. డప్పులు యూరియా సంచుల్లో భద్రంగా ఉన్నాయి. నర్సింలు ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకొచ్చాడు. "మంచిగ వాయిస్తం బిడ్డా, నువ్వేం ఫికర్ జెయ్యకు" అన్నాడు. సెక్యూరిటీ అతను జేబులు తడిమి బీడీలూ అగ్గిపెట్టే తీసుకుని, "మాచిస్ అందర్ నహీ జాయేగా" అన్నాడు. నర్సింలు ఇచ్చేశాడు. "లోపట వంటోళ్ల కాడ అగ్గి ఉంటది గద" అని నాతో మెల్లగా అన్నాడు.

ముసురులో డప్పు తోలు చెమ్మ పట్టి వదులవుతుంది. కాసిన్ని కాగితాలో గడ్డో అంటించి సెగ చూపిస్తే తప్ప అది పలకదు. వీధిలో వాయించేవాళ్లకు నిప్పు ఎక్కడైనా దొరుకుతుంది, అందుకే ఆయన అడగలేదు. నా ఢోలక్‌ను బోల్టులు తిప్పి బిగించుకుంటాను, అందుకే నాకు తట్టలేదు. రసాయనాల ఫ్యాక్టరీకి డప్పులు తీసుకెళ్తూ నిప్పు గురించి ఒక్క మాట కనుక్కోలేదు. తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

లోపల పొయ్యే లేదు. భోజనాలు బయట నుంచి క్యారియర్లలో వచ్చాయి. ఉత్సవం చూసుకునే ఆఫీసర్‌ను అడిగితే, "నిప్పా? మా ఉద్యోగాలు పోతాయి మేడం" అని చేతులెత్తేశాడు. డప్పులను ఫ్యాన్ ముందు పెట్టాం, తువ్వాలుతో రుద్దాం. ఏం లాభం లేదు. స్టేజీ మీద మొదటి దెబ్బ తడి గోనెసంచిని కొట్టినట్టు వినపడింది. ముందు వరసలో కుర్రాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆ తర్వాత అదీ మానేసి నవ్వారు. నర్సింలు ఇంకా గట్టిగా కొడుతున్నాడు. చూడలేక మైకు తీసుకుని, నాట్లప్పుడు పాడే పాట ఒకటి ఎత్తుకున్నాను. హాలంతా చప్పట్లతో తాళం వేసింది. ఆ చప్పట్లలో డప్పులు అసలే వినపడలేదు. వాళ్లను కాపాడుతున్నాననే అనుకున్నాను.

దిగగానే ఆఫీసర్ ఎదురొచ్చాడు. "మీ పాట అదిరింది మేడం. దసరాకు మీరొక్కరే రండి, మ్యూజిక్ ట్రాక్ మేం పెట్టిస్తాం. డప్పులు వద్దులెండి." నర్సింలు నా పక్కనే ఉన్నాడు. ఆలోచించి చెప్తానన్నాను.

గేటు బయట ముగ్గురు కుర్రాళ్లలో పెద్దవాడు తన డప్పు తెచ్చి నర్సింలు చేతిలో పెట్టాడు. "ఇగ సాలు పెద్దనాయినా" అని షిఫ్టుకు వెళ్లిపోయాడు. మిగతా ఇద్దరూ అతని వెనకే నడిచారు. నర్సింలు టీకొట్టులో పాత అట్టముక్కలు అడిగి తీసుకుని, తాటిపత్రి కింద అంటించి, తన డప్పును తిప్పి తిప్పి సెగ చూపించాడు. తర్వాత ఒక్క దరువు వేశాడు. అది ఖంగుమని మోగితే రోడ్డవతల లారీ క్లీనర్ కూడా తిరిగి చూశాడు.

"ఇగో, గిదీ నా డప్పు. నువ్వన్న ఇన్నవ్, సాలు" అని దాన్ని సంచిలో పెట్టేశాడు.

తిరుగు బస్సులో సీటు దొరికినా మనసు కుదుటపడలేదు. ఒక పని పోతే ఇంకో పని చేసుకుని బతకొచ్చని ఇన్ని పనులు నేర్చుకున్నాను. బతుకుతూనే ఉన్నాను. కానీ ఆ మధ్యాహ్నం నేను నిలబడిన చోటు నర్సింలుది. మీకు చెప్పగలిగిన సలహా ఒక్కటే: ఫ్యాక్టరీ ప్రోగ్రాం ఒప్పుకునే ముందు నిప్పు వాడనిస్తారో లేదో అడగండి, వాడనివ్వకపోతే సెగ అక్కర్లేని ప్లాస్టిక్ డప్పులు తీసుకెళ్లండి. ఇదే మాట నర్సింలుకు ఫోన్‌లో చెప్తే, "దానికి నేనెందుకు బిడ్డా?" అన్నాడు. దసరా ప్రోగ్రాంకు అప్పటికే ఒప్పుకుని ఉన్నాను.